మైలోడిని చూడబోయిన రోజు

సఫారీకి పోయేవాళ్లందరూ పులిని చూడాలని పోతారు. రుక్కమ్మ ఎద్దును చూడాలని పోయింది.

ఈ సంగతి ఆమెకూ, భర్త మద్దిలేటికీ తప్ప బండిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే అల్లుడు జగదీశ్ సిగ్గుతో దిగి నడుచుకుంటూ ఇంటికి పోయేవాడే. వనపర్తి కరెంటాఫీసులో పనిచేసే మనిషి. కొత్తగా కొన్న కెమెరాను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, కుదుపుకు దెబ్బ తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసువాళ్లు కలిసి మాట్లాడుకున్న బండిలో చివరికి రెండు సీట్లు మిగిలితే, అతని భార్య వసంత తన తల్లిదండ్రులను పిలిపించింది. పొలమూ, పెబ్బేరు సంతా, మల్దకల్ జాతరా తప్ప అమ్మానాయినలు లోకం చూడలేదని ఆమె బాధ. పులిని చూస్తే ఆ లోటు ఎట్లా తీరుతుందో రుక్కమ్మకు అంతుపట్టలేదు గానీ, అమ్రాబాద్ అడవి అన్న మాట చెవిన పడగానే వస్తామనేసింది. తల్లి ఒక్క మాటకే దేనికైనా ఒప్పుకోవడం వసంత పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

చీర దగ్గర మాత్రం తల్లీకూతుళ్లకు పడలేదు. నలుగురిలోకి పోతున్నాం, నా పెళ్లినాటి గద్వాల చీర కట్టుకోమని వసంత పట్టుబట్టింది. రుక్కమ్మ వెలిసిపోయిన నీలం నూలుచీర కట్టుకుని వచ్చింది. అడవిలో ముళ్లకు జరీ పోగులు లేస్తాయని సాకు చెప్పింది. అసలు సంగతి వేరు. మైలోడికి కుడితి పెట్టేటప్పుడూ, ఒళ్లు తోమేటప్పుడూ ఆమె ఒంటిమీద ఉండేది ఈ నీలం చీరే. గద్వాల చీరలో ఆమెను మైలోడు ఎన్నడూ చూడలేదు. చూస్తే ఎవరో పెద్దింటావిడ అనుకుని పక్కకు తప్పుకుంటాడేమో.

మైలోడూ బొల్లోడూ ఒక జత. పెబ్బేరు సంతలో కోడెలుగా కొన్నారు. బొల్లోడికి మొహాన తెల్లమచ్చ. మైలోడిది బూడిద రంగు, ఎండ పడితే నీలంగా మెరిసేవాడు. ఆ ఇంటి పొలం దున్నింది, బండి లాగింది, వసంతను అత్తారింటికి దింపివచ్చింది వాళ్లే. పనిలో మైలోడికి వంక పెట్టడానికి లేదు. ఒక్క నీళ్ల దగ్గరే పేచీ. తొట్టిలో మూతి పెట్టి నిలబడేవాడు. పక్కన ఎవరైనా ఈల వేస్తే గాని తాగేవాడు కాదు. ఎడ్లు నీళ్లు తాగేటప్పుడు ఈల వేయడం ఆ వైపు రైతులందరికీ అలవాటే. అయితే అందరి ఎడ్లూ ఈల ఉన్నా లేకున్నా దప్పికైతే తాగుతాయి. మైలోడు మాత్రం ఈల విన్నాకే నీళ్లు తనవనుకునేవాడు. మద్దిలేటి ఊళ్లో లేని రోజున ఆ పని రుక్కమ్మ మీద పడేది. ఆడమనిషి ఈల వేయడమేమిటని అత్త బతికున్నన్నాళ్లూ సణిగింది. ఎద్దు దప్పిక కన్నా అత్త సణుగుడే తేలికని రుక్కమ్మ ఈల నేర్చుకుంది. కొన్నాళ్లకు మొగుడికంటే బాగా వేయసాగింది, కానీ ఆ మాట అతనితో అనలేదు. మగవాళ్లకు కొన్ని తెలియకపోవడమే ఇంటికి మంచిది.

తర్వాత కరువొచ్చింది. రెండేళ్లు వరసగా వాన మొహం చాటేసింది. గడ్డివామి ఉన్న ఇల్లంటే బంగారమున్న ఇల్లన్నట్టు చూసేవాళ్లు. మైలోడు అప్పటికే వెనక కాలు కీలు తప్పి కుంటుతున్నాడు. ఇద్దరికి మేత లేదు. మద్దిలేటి మైలోణ్ణి పెబ్బేరు సంతకు తోలుకుపోయి, సాయంత్రానికి మళ్లీ తోలుకొచ్చాడు. రుక్కమ్మ ఏమైందని అడిగితే ముందు ఎద్దును గుంజకు కట్టేశాడు.

"కొనెటోడు పండ్లు సూడలేదే," అన్నాడు చివరికి. "పక్కబొక్కలు పట్టి సూసిండు."

పండ్లు చూసేవాడు దున్నడానికి కొంటాడు. పక్కటెముకలు పట్టి చూసేవాడు కోయడానికి కొంటాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ వివరించలేదు.

అప్పుడే ఎవరో చెప్పారు, నల్లమలలో నడుమెత్తు గడ్డి ఉంటుందని, వాగుల్లో ఎండాకాలం కూడా నీళ్లుంటాయని, ముసలి ఎడ్లను అక్కడ వదిలితే కటికవాడి చేతిలో పడకుండా వాటి ఆయుష్షు అవి బతుకుతాయని. అమ్మితే పాపం, వదిలితే పుణ్యం. మద్దిలేటి మన్ననూరు వైపు పోయే లారీలో మైలోణ్ణి ఎక్కించుకుని పోయాడు. మరునాడు ఒక్కడే వచ్చాడు. తాడు విప్పాను, మొక్కాను, బస్సెక్కాను, వెనక్కి తిరిగి చూడలేదన్నాడు. వెనక్కి చూడనిది కాష్ఠం దగ్గర్నుంచి వచ్చేటప్పుడు కదా అని రుక్కమ్మకు తోచింది గానీ, అతనికి బువ్వ పెట్టింది.

ఇప్పుడు బొల్లోడి వంతు వచ్చింది. వానలు పడ్డాయి, గడ్డికి కొదవ లేదు. అయినా బొల్లోడు సరిగ్గా తినడు. కాడికి పనికిరాడు. జతగాడి మీద బెంగ పెట్టుకున్నాడని మద్దిలేటి నమ్మకం. మైలోడు అడవిలో బాగుంటే, వచ్చే వారమే బొల్లోణ్ణి కూడా తీసుకుపోయి వాడి దగ్గర వదులుతానని ఇంట్లో ఒకటే పాట. రుక్కమ్మకు బొల్లోణ్ణి వదలడం ఇష్టం లేదు. కానీ మైలోడు అక్కడ నిజంగా గడ్డి మేస్తూ కనిపిస్తే ఇక ఏమని అడ్డుపడాలో కూడా ఆమెకు తెలియదు. అందుకని ఇద్దరూ చూసివద్దామనే వచ్చారు. అల్లుడు పులి ఫొటో కోసం పోతున్నాడు. అత్తామామలు బొల్లోడి తీర్పు కోసం పోతున్నారు.

మన్ననూరు గేటు దగ్గర అందరూ అడవి జీపులోకి మారారు. గైడు కృష్ణయ్య ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. తుపాకులు పట్టిన అన్నల భయం తగ్గి అడవికి జనం రావడం మొదలయ్యాక ఈ పనిలో చేరాడట. ఎర్రచొక్కాలు, పసుపుపచ్చ చున్నీలు చూసి పెదవి విరిచాడు. అడవికి వచ్చేటప్పుడు ఆ నీలం చీరమ్మలా రావాలన్నాడు. వసంత మొహం పక్కకు తిప్పుకుంది. రుక్కమ్మ నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గేటు పక్కన బోర్డు మీద వేసిన జంతువుల బొమ్మలు చూడసాగింది. పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి, మనుబోతు. ఎద్దు బొమ్మ లేదు. ఎందుకు వేస్తారు?

లోపలికి పోయాక కృష్ణయ్య గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. పులి ఒక్కటే బతకదట. అది బతకాలంటే దుప్పులు బతకాలి, దుప్పులు బతకాలంటే గడ్డి బతకాలి, గడ్డి బతకాలంటే అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని అడవికి వచ్చేవాళ్లు తగ్గాలి. ఆ మాటకు ఆఫీసువాళ్లలో ఒకాయన సిగరెట్టు పెట్టెను మెల్లగా సంచిలోకి తోశాడు. అందరూ చెట్ల మధ్య చారల కోసం వెతుకుతున్నారు. రుక్కమ్మ దారి వెంట పేడ కోసం వెతుకుతోంది. మద్దిలేటి చెవులు గంట కోసం వెతుకుతున్నాయని ఆమెకు తెలుసు. మైలోడి మెడలో గంట లేదని, తానే విప్పి ఇంట్లో పెట్టానని అతను మరిచిపోయినట్టున్నాడు.

ఒకచోట కృష్ణయ్య జీపు ఆపించి, దుమ్ములో పులి అడుగు జాడ చూపించాడు. కెమెరాలు టకటకలాడాయి. పక్కనే ఎండిన పులిపెంట. అందులో వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"ఏం జంతువువి బిడ్డా గా ఎంటికలు?" అని అడిగింది రుక్కమ్మ.

దుప్పివనీ, ఒక్కోసారి అడవిపందివి ఉంటాయనీ చెప్పాడు.

"ఎడ్లయి గిట్ల ఉంటయా?"

జగదీశ్ దగ్గాడు. వసంత తల్లి మోచేయి గిల్లింది. కృష్ణయ్య మాత్రం మంచి ప్రశ్న అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. పశువులు అడవిలోకి రావడమే తమకు పెద్ద పరేషానన్నాడు. ఊరి పశువుకు గాలికుంటు రోగం వస్తే దుప్పులకు అంటుకుంటుంది. మంద వస్తే గడ్డి పోతుంది. పులి పశువును పడితే ఊరివాళ్లు పులికి శత్రువులవుతారు.

"ఇంకొంతమందైతే," అన్నాడు, "ముసలెడ్లను తెచ్చి ఈడ ఇడిసిపోతరమ్మా. పుణ్యమంట."

మద్దిలేటి తలెత్తి, ఒక టేకుచెట్టు కొసను శ్రద్ధగా చూడసాగాడు.

రుక్కమ్మ ముందుకు వంగింది. "గట్ల ఇడిసినయి ఏమైతయి మరి?"

కృష్ణయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కుడివైపు లోయలో కొండముచ్చు ఖర్రుమని అరిచింది. వెంటనే ఇంకొకటి. కృష్ణయ్య చెయ్యెత్తాడు. కొండముచ్చు అట్లా అరిచిందంటే కింద పులో చిరుతో కదులుతున్నట్టే. జీపు ఇంజను ఆగింది. అందరూ కుడివైపుకు ఒరిగారు. జగదీశ్ కెమెరా కంటికి పెట్టుకుని ఊపిరి పీల్చడం మానేశాడు.

వెనక సీటులో మద్దిలేటి, రుక్కమ్మ మాత్రం ఎడమవైపు చూశారు. ఆ వైపు దూరంగా గడ్డిమైదానం. గడ్డి నిజంగానే నడుమెత్తు ఉంది, చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. దాని అవతలి అంచున, చెట్ల నీడలోంచి, బూడిద రంగు జంతువొకటి బయటికి వచ్చింది. ఎండ పడి ఒళ్లు నీలంగా మెరిసింది. తల వంచి గడ్డి కొరికింది. నిండుగా, బలంగా, ఎవరికీ దేనికీ బాకీ లేనట్టు ఉంది.

మద్దిలేటి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో తప్ప నలుగురిలో అతను ఆమెను ముట్టుకుని ఎరగడు.

"మైలోడే," అన్నాడు. జీపులో ఎవరికీ వినపడకుండా. "మన మైలోడే. ఎంత నునుపెక్కిండు సూడే."

రుక్కమ్మ చూసింది. ఆమె కళ్లకు ఇంకా మసక రాలేదు. ముందు భుజాలు ఎత్తు, వెనక నడుము పల్లం. గొంతు కింద తెల్లని మచ్చ. కొమ్ములు మైలోడివి అరచేతుల మధ్య ఇమడవు, దీనివి వేళ్లంతున్నాయి. గేటు దగ్గర బోర్డు మీద ఈ బొమ్మ ఉంది, కింద మనుబోతు అని రాసి ఉంది. పైగా అది కుంటడం లేదు.

"అవునా?" అన్నాడు మద్దిలేటి, చూపు తిప్పకుండానే.

"ఊ," అన్నది రుక్కమ్మ.

ఆ జంతువు తలెత్తి ఒకసారి జీపు వైపు చూసి, నీడలోకి వెళ్లిపోయింది. కుడివైపు పులి రాలేదు. కొండముచ్చులు కాసేపు అరిచి తమ పనిలో తాము పడ్డాయి. జగదీశ్ కెమెరాలో అంతా కలిపి దుమ్ములో అడుగు జాడ, రెండు దుప్పుల వీపులు, ముందు సీటులో కూర్చున్న ఆఫీసరు గారి మెడ పడ్డాయి. తిరుగు దారిలో జీపు అంతా ఉసూరుమంటూ కూర్చుంది. ఒక్క మద్దిలేటి మాత్రం కృష్ణయ్య చేతులు పట్టుకుని, నీ అడవి సల్లగుండాలె బిడ్డా అని దీవించాడు. పులి కనబడకున్నా ఇంత సంతోషపడిన మనిషిని కృష్ణయ్య అంతకుముందు చూసి ఉండడు. ఆ సంతోషంలో రుక్కమ్మ అడిగిన ప్రశ్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు.

గేటు బయట అందరూ సద్దులు విప్పారు. తినగానే జగదీశ్ మామను వెంటబెట్టుకుని, అటవీశాఖ వాళ్లు పులి గురించి బొమ్మలు పెట్టిన గదిని చూపించడానికి పోయాడు. తల నొస్తోందని చెప్పి రుక్కమ్మ రోడ్డు పక్క చాయ కొట్టు దగ్గర ఆగింది. నాలుగు కర్రల మీద రేకు, ఒక బెంచీ, పక్కన పశువులు తాగేందుకు సిమెంటు తొట్టి. కొట్టు నడిపే మల్లమ్మ తన ఈడుదే. చాయ అందిస్తూ, పులి కనబడ్డదా అక్కా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, ఎవరికీ కనబడదు అని తానే చెప్పింది.

రుక్కమ్మ కాసేపు చాయ ఊదుకుంటూ కూర్చుంది. తర్వాత తమ ఊరి మనిషొకాయన కరువు యేడు ఇక్కడ ఎద్దును వదిలాడట, అట్లాంటివి లోపల బతుకుతాయా అని అడిగింది. తమ ఊరి మనిషి అనడం పూర్తిగా అబద్ధం కాదు కదా అనుకుంది.

కరువు యేడు ఒకటా రెండా అన్నది మల్లమ్మ. దిగినవి దిగినట్టు లోపలికి పోయేవి. కొన్ని చిరుతల పాలయ్యాయి, కొన్ని ఎండకు పోయాయి, కొన్నింటిని మందలవాళ్లు తోలుకుపోయారు. దేని మొహమూ యాదిలేదు.

"ఒక్కటే యాదికుంది," అన్నది. "మైల రంగుది. ఎనక కాలు కుంటిది. అది లోపలికే పోలే అక్కా."

రుక్కమ్మ చాయ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

మల్లమ్మ గిన్నె తోముతూ చెప్పుకుంటూ పోయింది. రోజూ చెప్పే కథలు చెప్పినంత మామూలుగా చెప్పింది. ఒక ముసలాయన లారీలో తెచ్చాడట. ఈ తొట్టి దగ్గరే నిలబెట్టి, కొమ్ములకు పసుపు పూసి, కాళ్లకు మొక్కాడట. ఎద్దు తొట్టిలో మూతి పెట్టి ఊరికే నిలబడింది. ఆయన ఈల వేశాడు. అది తాగడం మొదలుపెట్టింది.

"అది తాగుతుండంగనే అచ్చంపేట బస్సొచ్చింది," అన్నది మల్లమ్మ. "ఆయన ఎక్కి పోయిండు. కడుపునిండ తాగి అది తలకాయ ఎత్తి సూసెటాల్లకు ఇంకెవరున్నరు?"

తాడు విప్పాను, మొక్కాను, బస్సెక్కాను. మద్దిలేటి చెప్పింది అంతే. మధ్యలో వేసిన ఈల సంగతి అతను చెప్పలేదు.

ఆ ఎద్దు తొట్టిని విడవలేదట. గేటు అవతల మోకాలెత్తు గడ్డి కనిపిస్తూనే ఉంది. గార్డులు కట్టె పట్టుకుని లోపలికి తోలబోతే గేటు దాకా పోయి కుంటుకుంటూ వెనక్కి వచ్చేది. వచ్చిన ప్రతి బస్సునూ, దిగిన ప్రతి మనిషినీ చూసేది. నీళ్లున్నా తాగేది కాదు, మూతి పెట్టి నిలబడేది. రోగమేదో వచ్చిందనుకున్నారు. ఒకరోజు బస్సు కదలడానికి కండక్టరు ఈల ఊదగానే గటగటా తాగింది. అందరూ పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి అదొక తమాషా అయింది. కొందరు కండక్టర్లు దానికోసం ఇంకోసారి ఊదేవాళ్లు. కొందరికి ఎక్కడిది తీరిక? బస్సులన్నీ ఇక్కడ ఆగవు కూడా.

"గడ్డికి పోతె బస్సు తప్పిపోతదనుకున్నదో ఏమో," అన్నది మల్లమ్మ. "వానలు పడకముందే పోయింది. గిక్కడనే, నువ్వు కూసున్నకాడ. గార్డులు తాళ్లు గట్టి లోపలికి గుంజుకపోయిండ్రు, పులికైన అక్కరకొస్తదని. సచ్చినంకనే గేటు దాటింది అక్కా."

రుక్కమ్మ బెంచీ మీద నుంచి లేచింది. లేచి ఎక్కడికి పోవాలో తెలియక తొట్టి దగ్గరికి పోయింది. నీళ్ల మీద ఎండుటాకులు తేలుతున్నాయి. అంచున నాచు పట్టి ఉంది. వాడు మూతి ఆనించింది ఎటువైపో చూస్తే తెలుస్తుందన్నట్టు, ఆ అంచు మీద చెయ్యి పెట్టి కొంచెం కొంచెంగా జరుపుతూ చుట్టూ తిరిగింది.

మల్లమ్మ వెనక నుంచి పిలిచింది. "ఆయన మీ ఊరోడే అయితే తిట్టకు అక్కా. పాపమతను గూడ బస్సుల కూసొని మొఖానికి తువాల కప్పుకొని ఏడుస్తుండె."

తిరుగు ప్రయాణంలో మద్దిలేటి నోరు మూయలేదు. నాగర్‌కర్నూల్ దాటేదాకా మైలోడి నునుపు గురించి ఆమె చెవిలో చెబుతూనే ఉన్నాడు. వచ్చే వారం బొల్లోణ్ణి తీసుకుపోదాం, జతగాణ్ణి చూస్తే వాడికి ప్రాణం లేచొస్తుంది అన్నాడు. రుక్కమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇకమీదట ఎడ్లను వదిలితే కేసు పెడతారని, ఆ గైడు తనతో ప్రత్యేకంగా చెప్పాడని అన్నది. మద్దిలేటికి పులి కన్నా పోలీసులంటే భయమెక్కువ. అట్లయితే వద్దులే, మన దగ్గరే ఉండనీ అన్నాడు. బొల్లోడు బతికిపోయాడు. అబద్ధం అంత తేలిగ్గా పనిచేసినందుకు ఇంకోరోజైతే ఆమె లోపల నవ్వుకునేది.

అంతటితో అయిపోయిందనుకుంది. మైలోడు పోయిన తీరు తన కడుపులోనే ఉండనీ, ఆయన మైలోడు ఆయనకు ఉండనీ అనుకుంది. అయితే మద్దిలేటి దాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదు. హోటలు దగ్గర చెప్పాడు. పెబ్బేరు సంతలో చెప్పాడు. మల్దకల్ జాతరలో బంధువులు కలిస్తే వాళ్లకూ చెప్పాడు. చెప్పిన కొద్దీ మైలోడు బలిశాడు. మొదట గడ్డి మేశాడు. తర్వాత మద్దిలేటిని చూసి తోక ఊపాడు. దీపావళి నాటికి పులిని కొమ్ములతో కుమ్మి తరిమాడు. కాలు కుంటు కూడా పోయింది. వినేవాళ్లు నిజమా అన్నట్టు రుక్కమ్మ వైపు చూసేవాళ్లు. ఆమె తలూపేది. ఒక్కోసారి అతను మరిచిన ముక్కను తానే అందించేది. ఎండ పడితే ఒళ్లు నీలంగా మెరిసింది, అనేది. ఆ ఒక్కటీ నిజమే.  రాత్రిళ్లు బొల్లోడికి నీళ్లు పెట్టి, అక్కర లేకున్నా ఈల వేసేది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, పక్కింటి మల్లయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. బయట వీధిలో ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో అతని ముసలెద్దు, కాళ్లు విడదీసి, కిందపడకుండా నిలబడడమే పనిగా నిలబడి ఉంది.

సంతకు తోలబుద్ధి కావడం లేదని, మద్దిలేటన్న చెప్పిన చోటికే తీసుకుపోతున్నానని మల్లయ్య అన్నాడు. చోటు చూపించడానికి అన్న కూడా వస్తే బాగుంటుందన్నాడు. కేసు పెడతారంట కదా అన్నది రుక్కమ్మ. మా అక్క కొడుక్కు అక్కడ గార్డు తెలుసు, ఏం కాదన్నాడు.

మద్దిలేటి అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు. అతని మొహంలో జాతరకు పోయే పిల్లవాడి వెలుగు. పశువుల కొట్టం వైపు చూశాడు.

"బండ్ల జాగ ఉన్నట్టుందే," అన్నాడు. "బొల్లోన్ని గూడ ఎక్కిద్దాం. మైలోడు ఎంత సంబురపడతడో."

కొట్టంలో బొల్లోడు తన పేరు విని తలెత్తాడు.

రుక్కమ్మ చేతిలో చీపురు అట్లాగే ఉంది. ఇంకొక అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. ఆమెకు ఎప్పుడూ అంత కరువు రాలేదు.

"మైలోడు అడివిల లేడు," అన్నది.

మద్దిలేటి నవ్వాడు. "కండ్లార సూస్తిమి గదనే."

"మనం సూసింది మనుబోతును. నాకప్పుడే ఎరికైంది." ఆమె మల్లయ్య వైపు తిరిగింది. మొగుడి మొహం చూస్తూ చెప్పలేదు. "మావోడు గేటు దాటలే మల్లయ్యా. గడ్డి కనబడుతున్నా పోలే. ఒచ్చిన బస్సు ఒచ్చినట్టు సూసుకుంట ఆడనే నిలబడ్డడంట. ఆడనే సచ్చిపోయిండు. నీ ఎద్దును దించుకో."

మల్లయ్య ఒకసారి ఆమెను, ఒకసారి మద్దిలేటిని చూశాడు. బయటికి పోయాడు. ఆటో వెనక చెక్క వాల్చిన చప్పుడు, గిట్టలు జారిన చప్పుడు, హోయ్ హోయ్ అంటూ మల్లయ్య ఎద్దును మెల్లగా దింపుతున్న చప్పుడు వినిపించాయి.

మద్దిలేటి చెప్పులు విడిచాడు. ఒకటి విడిచి, రెండోది విడవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. అరుగు మీద కూర్చున్నాడు. ఎండ అరుగు మీదికి వచ్చి అతని మోకాళ్లదాకా పాకింది.

"తొట్టికాడనేనా?" అన్నాడు.

తొట్టి సంగతి ఆమె చెప్పలేదు. అతనూ ఎన్నడూ చెప్పలేదు.

"ఆడనే."

అతను తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"నీకెప్పుడెరికైంది?"

"గా రోజే. నువ్వు బొమ్మలు సూడబోయినప్పుడు."

మద్దిలేటి లెక్కపెట్టుకుంటున్నట్టు ఆమెకు తోచింది. హోటలు దగ్గర ఎన్నిసార్లు, సంతలో ఎన్నిసార్లు, జాతరలో ఎంతమందికి.

"గన్ని దినాలు నేను చెప్తుంటె పక్కన కూసొని విన్నవా?"

"విన్న."

"ఎట్ల విన్నవే?"

రుక్కమ్మ చీపురు గోడకు ఆనించి, వచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చుంది.

"మంచిగ చెప్తుంటివి," అన్నది. "వినబుద్ధైతుండె."